హార్బర్ చూడకుండా వైజాగ్ చూశామంటే ఎలా? వారం పెట్టుకుని రండి

సంపాదకులు గారికి నమస్కారం అండి.

మీ పేపర్ ఆదివారం పేజీల్లో సెలవులకి ఎక్కడికి వెళ్లాలి అని రాస్తుంటారు కదా, అవన్నీ చదువుతాను, బాగుంటాయి కూడా. కానీ వైజాగ్ వంతు వచ్చేసరికి ఎప్పుడూ రెండు రోజుల ప్లానే. ఒక రోజు ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రెండో రోజు తెల్లారగట్ల అరకు బయల్దేరి రాత్రికి వచ్చేసి రైలెక్కేయడం. మీరొక్కరే కాదులెండి, ట్రావెల్స్ వాళ్లు అదే అమ్ముతున్నారు, వీడియోలు పెట్టేవాళ్లు అదే చూపిస్తున్నారు. దాంతో హైదరాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి, గుంటూరు నుంచి వచ్చే జనం బీచ్‌లో ఫొటోలు దిగి, ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పించుకుని, వైజాగ్ అయిపోయింది అనుకుని వెళ్లిపోతున్నారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది అండి. ఇంత ఊరు ఇంతలా పెరిగిందే ఓడల వల్ల, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ ఓడలొచ్చే వైపుకి అసలు వెళ్లరు.

నేను వన్‌టౌన్‌లో అంటే పోర్టు పక్కనే ఉన్న పాత ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. మా పెదనాన్న గారు పోర్టులో పనిచేసి రిటైర్ అయ్యారు. ఏటా మా ఇంటికి ఎవరో ఒక చుట్టాలు దిగుతూనే ఉంటారు, వదినా ఎక్కడెక్కడ తిప్పుతావు అని ఫోన్లు సంక్రాంతికి ముందు నుంచే మొదలవుతాయి. అందుకని ఒక వారం ప్లాన్ ఎలా వేసుకుంటే బాగుంటుందో నాకు తెలిసింది రాస్తున్నా, స్థలం చాలకపోతే ఎక్కడైనా కోసుకోండి గానీ హార్బర్ ముక్క మాత్రం తీసేయకండి.

ముందు ఆ సంగతే చెప్తా. ఇప్పుడు పోర్టు ఉన్న చోట వందేళ్ల కిందట ఉన్నది చిత్తడి నేల, మేఘాద్రి గెడ్డ అనే వాగు వచ్చి సముద్రంలో కలిసే చోట ఆటుపోట్లకి మునుగుతూ తేలుతూ ఉండే బురద. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లంగరు వేసుకుంటే సరుకంతా పడవల మీద మోసేవారు. మధ్య భారతం నుంచి మాంగనీస్ లాంటి ఖనిజాలు బయటికి పంపడానికి కలకత్తాకీ మద్రాసుకీ మధ్యలో ఒక మంచి రేవు కావాల్సొచ్చింది, అప్పుడు ఆ బురదంతా తవ్వించి ఓడలు పట్టేలా కాలవ చేశారు, డబ్ల్యూ.సి. యాష్ అనే ఇంజినీరు ఆ పని నడిపించారు. ముఖద్వారం దగ్గర అలల జోరు తగ్గించడానికి రెండు పాత ఓడల్ని కావాలనే అక్కడ ముంచేసి వాటినే అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది, అదే ఏడు డిసెంబర్‌లో వైస్రాయి విల్లింగ్‌డన్ వచ్చి పోర్టుని లాంఛనంగా ప్రారంభించారు. డాల్ఫిన్స్ నోస్ కొండ అలా సముద్రంలోకి చొచ్చుకుని దక్షిణం వైపు కాపు కాయబట్టే ఇదంతా కుదిరింది. ఆ తర్వాత 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా షిప్‌యార్డ్ మొదలుపెట్టారు, 1948 మార్చిలో జల ఉష అనే ఓడని నెహ్రూ గారు వచ్చి నీళ్లలోకి వదిలారు, స్వతంత్రం వచ్చాక మన దేశంలో తయారైన మొదటి పెద్ద ఓడ అది. ఈ రేవు ఉండబట్టే 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు మా ఊరి మీద బాంబులు వేశారు, ఊళ్లో జనం ఇళ్లకి తాళాలేసుకుని పల్లెలకి పారిపోయారని మా నాయనమ్మ చెప్తుండేది. ఇదే రేవు ఉండబట్టి 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇక్కడిదాకా వచ్చి, ఇక్కడే మునిగిపోయింది. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ అని స్థూపం ఉంటుంది చూడండి, అందరూ దాని ముందు ఐస్‌క్రీం తింటారు, పిల్లలకి మాత్రం అది ఎందుకు కట్టారో ఎవరూ చెప్పరు.

ఇవన్నీ తెలిసి చూస్తే ఊరు వేరేగా కనిపిస్తుంది అండి. అందుకే నా మాట, వారంలో మొదటి పూర్తి రోజు వన్‌టౌన్‌కి ఇవ్వండి. కైలాసగిరి ఎక్కడికీ పోదు, తర్వాత చూడొచ్చు.

తెల్లారేలోపే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. బోట్లు వచ్చి చేపలు దించుతుంటారు, కోనాం, చందువ, రొయ్యలు, పీతలు, కవళ్లు గుట్టలు గుట్టలుగా పోసి పాటలు పాడేస్తుంటారు, అంటే వేలం పాటలు, వినడానికి ఎంత వేగంగా ఉంటాయో, పక్కనే నిలబడినా ఏ గుట్ట ఎంతకి పోయిందో మనకి తెలియదు. కొనేవాళ్లలో సగానికి సగం ఆడవాళ్లే, తట్టలు ఎత్తుకుని ఊళ్లోకి వెళ్లి అమ్ముకునేవాళ్లు. కింద తడి, చేపల కంపు, ఐస్ ముక్కలు, చెప్పులు పాడవుతాయి, తెలిసే వెళ్లండి. వాళ్లది పని చేసుకునే వేళ కాబట్టి దారికి అడ్డంగా నిలబడి సెల్ఫీలు తీసుకోవద్దు, ఫొటో తీయాలంటే అక్కా తీసుకోవచ్చా అని ఒక మాట అడగండి, వద్దనరు. 2023 నవంబర్‌లో అక్కడ రాత్రిపూట మంటలు లేచి నలభై దాకా బోట్లు తగలబడిపోయాయి, ఒక్కో బోటు మీద ఎన్ని ఇళ్లు బతుకుతాయో తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా వేట నిషేధం. వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, అప్పుడు మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి, పాటలూ ఉండవు, హోటల్లో పెట్టే చేప కూడా ఎక్కువగా ఐస్‌దో చెరువుదో అయి ఉంటుంది.

అక్కడి నుంచి వన్‌టౌన్‌లోకి రండి. పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. దాని పైకెక్కి నిలబడితే పోర్టు కాలవ మొత్తం కిందే ఉంటుంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, మధ్యలోంచి ఓడ వస్తుంటే టగ్గులనే చిన్న పడవలు దాన్ని లాక్కొస్తుంటాయి. బీచ్‌లో నిలబడి చూస్తే ఓడలు ఎక్కడో చుక్కల్లా ఆగి ఉంటాయి కదా, ఇక్కడ అదే ఓడ మన ముందు నుంచి ఒక వీధి వీధంతా కదిలిపోతున్నట్టు వెళ్తుంది. పిల్లలు ఆ దృశ్యం జన్మలో మర్చిపోరు. ఓడ ఏ టైంకి వస్తుందో చెప్పలేం కాబట్టి నీళ్ల బాటిల్ పట్టుకుని కాసేపు కూర్చునేలా వెళ్లండి, పది నిమిషాల్లో దిగిపోతే ఏమీ కనపడదు.

తర్వాత బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. గర్భగుడికి పైకప్పు ఉండదు, అమ్మవారు ఎండకీ వానకీ అలాగే ఉంటుంది, ఏ కులమైనా ఎవరైనా లోపలికి వెళ్లి స్వయంగా పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసం గురువారాలు మాత్రం కాలు పెట్టే చోటుండదు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ఆ గురువారాలు తప్పించి పెట్టుకోండి. అమ్మవారిని చూసుకుని కురుపాం మార్కెట్ వైపు నడిస్తే బంగారం కొట్లు, పాత ఇళ్లు, టౌన్‌హాలు, క్వీన్ మేరీ స్కూలు, అన్నీ నడిచే దూరంలోనే. ఆ పాత మేడలు చాలావరకు పడిపోయాయి, ఉన్నవాటి మీద కూడా పోర్టు నుంచి వచ్చే దుమ్ము నల్లగా పేరుకుని ఉంటుంది, వరండాలో తుడిచిన గంటకే మళ్లీ చెయ్యి పెడితే మసి. ఆ దుమ్ముతోనే మేం పెరిగాం. ఇది టూరిస్టులకి చూపించేది కాదని కొందరు అంటారు, నేను ఒప్పుకోను, ఊరు చూడ్డం అంటే ఇది కూడా.

మధ్యాహ్నానికి రూముకి వెళ్లి పడుకోండి. మా ఊరి ఉక్క తెలియనివాళ్లు పన్నెండింటికి రోడ్డు మీద తిరిగి సాయంత్రానికి జ్వరం తెచ్చుకుంటారు.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి. కుర్సురా సబ్‌మెరైన్ తప్పకుండా చూడాలి, సోవియట్ యూనియన్‌లో కట్టింది, 1969 డిసెంబర్‌లో మన నేవీలో చేరి 2001 దాకా పనిచేసి, 2002లో ఇసక మీదికి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. లోపల రిటైరైన నేవీ వాళ్లే దగ్గరుండి వివరిస్తారు, తోసుకుంటూ వెళ్లిపోకుండా వాళ్లు చెప్పేది ఆగి వినండి, అంత ఇరుకులో అంతమంది నెలల తరబడి ఎలా బతికారో వాళ్ల నోటితో వింటేనే తెలుస్తుంది. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్న అత్తగారినీ మామగారినీ బయట బెంచీ మీద కూర్చోబెట్టడమే మంచిది. రోడ్డుకి అటువైపు టీయూ 142 అనే పాత నేవీ విమానం, 2017లో పెట్టారు. సోమవారం సబ్‌మెరైన్ మూసేస్తారు అండి, మామూలు రోజుల్లో కూడా పొద్దున పూట తెరవరు, ఈ ఒక్క విషయం తెలియక గేటు దగ్గర ఫొటో దిగి వెళ్లిపోయే కుటుంబాలని ప్రతి సోమవారం చూడొచ్చు. మీ వారంలో సోమవారం ఎక్కడ పడుతుందో చూసుకుని ఆ రోజు ఊరి బయట పెట్టుకోండి. బీచ్‌లో ముంత మసాలా తినండి, అది తినకుండా వెళ్తే ఒప్పుకోం.

నీళ్ల సంగతి మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. ఆర్కే బీచ్ ఈత కొట్టే బీచ్ కాదు. ఒడ్డున మోకాలి లోతు ఉన్నట్టే ఉంటుంది, రెండడుగులు వేస్తే లోతు, వెనక్కి లాగే ప్రవాహం ఉంటుంది, బాగా ఈత వచ్చినవాళ్లని కూడా లాగేస్తుంది. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా ఉండే బీచ్‌లకిచ్చే గుర్తింపు, వచ్చింది, బాగుంటుంది, అయినా అక్కడా ఇదే మాట. యారాడ బీచ్ ఎంత అందంగా ఉంటుందో అంత ప్రమాదం. వేరే ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు, ఎక్కువగా కాలేజీ పిల్లలు, ఏటా పోతున్నారు, ఆ వార్తలు మీ పేపర్లోనే వస్తాయి, కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర వాళ్ల అమ్మానాన్నలు ఏడుస్తుంటే మా ఊరి వాళ్లం చూస్తూ ఉండాల్సొస్తుంది. సముద్రం దగ్గర పుట్టినవాళ్లం చెప్తున్నాం, మోకాళ్ల దాకా చాలు బాబూ.

ఇక భీమిలి రోడ్డు. దీనికి ఒక రోజంతా పెట్టండి, రుషికొండ చూసి వెనక్కి తిరిగేయడం కాదు. సిటీ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్లే, 900కె బస్సు ఎక్కితే సముద్రం పక్కనుంచే పోతుంది, ఈమధ్య తొట్లకొండ దాకా డబుల్ డెక్కర్ బస్సులు కూడా వేశారు, పిల్లలకి పై సీట్లు భలే ఇష్టం. ఎండ ముదరకముందే తొట్లకొండ ఎక్కేయండి. 1976లో నేవీ వాళ్లు విమానం మీద నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది, తర్వాత 1988 నుంచి తవ్వితే రెండువేల ఏళ్ల పైనాటి బౌద్ధ విహారం, స్తూపాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు దొరికాయి. రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే ఆలోచించండి, ఇప్పటి పోర్టు లేనప్పుడు కూడా ఈ తీరానికి ఓడలు వస్తూనే ఉన్నాయి, ఆ వ్యాపారులిచ్చిన దానాలతోనే కొండ మీద విహారాలు నడిచాయని చరిత్ర చదివినవాళ్లు చెప్తారు. కొండ మీద నుంచి కిందకి చూస్తే సముద్రం ఎంత దూరం కనిపిస్తుందో, ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో చూడగానే అర్థమైపోతుంది.

అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలీ సముద్రమూ కలిసి చేసిన ఇసక దిబ్బలు, 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. మెత్తటి మట్టి అండి, గోరుతో గీసినా రాలుతుంది. జనం దాని మీద పేర్లు చెక్కుతున్నారు, పైకెక్కి జారుతున్నారు, ప్లాస్టిక్ గ్లాసులు ఆ సందుల్లో పడేస్తున్నారు. వానకి కరిగేది ఎలాగూ కరుగుతుంది, మనం కూడా చెయ్యేస్తే ఇంకేం మిగులుతుంది. భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు చూడండి, పదిహేడో శతాబ్దంలో వాళ్లకి అక్కడ వ్యాపార స్థావరం ఉండేది, లైట్‌హౌస్ చూడండి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు అది, ఇప్పుడు చూస్తే ఒక మూల నిద్రపోతున్నట్టు ఉంటుంది, నాకైతే అదే ఇష్టం. భోజనం అక్కడే చేసేయండి. సూర్యాస్తమయం సముద్రంలో చూద్దామని ఎదురుచూడకండి, మాది తూర్పు తీరం, సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. తెల్లవారుజామున లేచినవాళ్లకే సముద్రం మీద సూర్యుడు. పొద్దున్నే బీచ్ రోడ్డులో కొంతమేర బండ్లు ఆపేస్తారు, అందరూ నడుస్తుంటారు, వారంలో ఒక్క రోజైనా ఆ టైంకి వెళ్లండి.

సింహాచలం పొద్దున పూట పెట్టుకోండి. అప్పన్న సన్నిధికి శ్రీకృష్ణదేవరాయలు 1516లో, 1519లో వచ్చినట్టు శాసనాలున్నాయి, కప్పస్తంభాన్ని అందరూ కౌగిలించుకుంటారు గానీ గోడల మీద శాసనాలూ శిల్పాలూ ఎవరూ చూడరు. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, అక్షయ తృతీయ రోజు ఒక్కటే నిజరూపం, ఆ రోజు వచ్చే జనాన్ని తట్టుకోవడం చిన్నపిల్లలతో కష్టం. మిగిలిన పూట జూ గానీ కంబాలకొండ అడవి గానీ కైలాసగిరి గానీ, మీ పిల్లల వయసుని బట్టి. కైలాసగిరి సాయంత్రం ఎక్కితే తీరమంతా వంపు తిరిగి కనపడుతుంది, రోప్‌వే ఉంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

అరకు గురించి మాత్రం చాలా చెప్పాలి. ఒక్కరోజులో వెళ్లి రావద్దు, రాత్రి అక్కడ ఉండండి. మా చుట్టాలు ఒకసారి ఒక ట్రావెల్స్ వాళ్ల వన్‌డే ప్యాకేజీలో వెళ్లారు, తెల్లవారుజామున నాలుగింటికి లేపి, లిస్టులో ఉన్నవన్నీ చూపించాలని ఒక్కోచోట పావుగంట ఇచ్చి, బొర్రా గుహల్లో లోపలిదాకా వెళ్లనివ్వకుండానే హారన్ కొట్టి పిలిచేసి, అర్ధరాత్రికి తెచ్చి దింపారు. అన్ని డబ్బులు పోసి కిటికీలోంచి చూడ్డానికా? వెళ్లేటప్పుడు కిరండూల్ రైలు ఎక్కండి, పొద్దున ఏడు లోపే విశాఖ స్టేషన్లో బయల్దేరుతుంది, అద్దాల పెట్టెలు కూడా వేశారు, వాటి టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి వారం ప్లాన్ వేసుకునేటప్పుడు అన్నిటికంటే ముందు బుక్ చేయాల్సింది ఆ రైలే. అది దొరికిన తేదీని బట్టి మిగతా రోజులు అటూ ఇటూ జరుపుకోవచ్చు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా అంతే ఆనందం, పైగా గాలి తగులుతుంది.

ఆ రైలు లైను కూడా హార్బర్ కోసం వేసిందే అండి. ఛత్తీస్‌గఢ్ బైలడిలా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది, దాన్ని జపాన్‌కి పంపడానికని 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి ఈ లైను వేశారు, యాభైకి పైగా సొరంగాలు. ఆ ఖనిజం మోయడానికి ఇంకా పెద్ద ఓడలు రావాలని 1976లో అవుటర్ హార్బర్, అంటే బయటి రేవు, కట్టారు. దారిలో మీ రైలు ఆగిపోయి పక్కనుంచి ఎర్రదుమ్ము కొట్టుకున్న గూడ్స్ ఒకటి ఎంతకీ అవ్వకుండా పోతూ ఉంటుంది, విసుక్కోకండి, మొన్న రాస్ హిల్ మీద నుంచి చూసిన ఓడల్లోకి పోయే సరుకు అలాంటిదే అని పిల్లలకి చూపించండి. మా పెదనాన్న గారు ఇప్పటికీ ఆ లైనులో వెళ్తే వ్యాగన్లు లెక్కపెడతారు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఒడ్డున ఉన్న స్టేషన్ నుంచి మూడు నాలుగు గంటల్లో అంత ఎత్తుకి ఎక్కిస్తుంది ఆ రైలు.

బొర్రా గుహలు పొద్దున్నే ప్రశాంతంగా చూడండి, లోపల ప్రవహించే నీరు గోస్తనీదే, భీమిలిలో మీరు చూసిన నదే. అరకులో ట్రైబల్ మ్యూజియం చూడండి, అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో నడవండి, పెద్ద చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియాల తీగలు. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర, వచ్చింది, పండించేది గిరిజన రైతులు. గింజలు కొంటే వాళ్ల దగ్గరే, సంతలోనే కొనండి, రోడ్డు పక్క మెరిసే ప్యాకెట్లలో ఏముంటుందో చెప్పలేం. నవంబర్, డిసెంబర్‌లో వెళ్తే వలిసె పూలు కొండలంతా పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి, అది వాళ్ల పంట, మధ్యలోకి దిగి తొక్కేసి ఫొటోలు తీసుకోవద్దు దయచేసి. బొంగు చికెన్ ఎక్కడ తిన్నా మీ ఎదురుగా కాల్చింది తినండి. ధింసా అనే గిరిజన నృత్యం ఆడేవాళ్లు హోటళ్ల దగ్గరికొస్తారు, వాళ్లకి సరిగ్గా డబ్బులివ్వండి, బేరాలాడొద్దు.

చివర్లో ఒక రోజు మిగిలితే హైవే మీద అనకాపల్లి వైపు. శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ, రాతిని తొలిచిన స్తూపాలు, గుహలు. ఓపిక ఉంటే ఇంకా ముందుకెళ్లి ఏటికొప్పాక, అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు, చెట్ల బెరళ్లూ గింజల నుంచి తీసిన రంగులే వాడతారు, ఈ కళకి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల ముందే లేత్ మిషను మీద కర్ర తిరుగుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. బీచ్‌లో అమ్మే ప్లాస్టిక్ గవ్వల బొమ్మలు కొనేకన్నా అక్కడో లక్కపిడతల సెట్టు కొనుక్కెళ్లండి. మాడుగుల హల్వా గోధుమ పాలతో చేస్తారు, వైజాగ్‌లోనే దొరుకుతుంది, రైలెక్కే రోజు కొనండి.

ఎప్పుడు రావాలి అంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా ఊరిని ఏం చేసిందో మాకు తెలుసు, ఒక్క పూటలో నీడనిచ్చే చెట్లన్నీ పోయాయి, ఆ నెలల్లో వస్తే క్యాన్సిల్ చేసుకునేలా టికెట్లు తీసుకోండి. నేవీ డే విన్యాసాలు చూద్దామని డిసెంబర్ 4కి వచ్చేవాళ్లు ముందే కనుక్కోండి, ప్రతి ఏడూ ఇక్కడే చేయడం లేదు, 2024లో పూరీలో చేశారు. కార్తీక మాసం ఆదివారాలు బీచ్‌లూ తోటలూ అన్నీ పిక్నిక్ జనమే. ఉండటానికి రుషికొండ రిసార్టులు బాగుంటాయి గానీ తెల్లారి రైలుకీ ఫిషింగ్ హార్బర్‌కీ అక్కడి నుంచి రావాలంటే ఇబ్బంది, ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్, జగదాంబ సెంటర్, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఉంటే ఎటైనా బస్సు దొరుకుతుంది.

ఇప్పుడు మీ ద్వారా అధికారులకి నా విన్నపం. పోర్టు లోపలికి అందర్నీ వదలరు, భద్రత ఉంటుంది, అది న్యాయమే. 2023లో క్రూయిజ్ టెర్మినల్ కట్టి ప్రారంభించారు, అది ఓడల్లో తిరిగేవాళ్లకి. మామూలు కుటుంబాలకి, స్కూలు పిల్లలకి వారానికి ఒక పూట, ఆధార్ చూసి, బస్సులో ఎక్కించి లోపల ఒక చుట్టు తిప్పి చూపించొచ్చు కదా, రిటైరైన పోర్టు ఉద్యోగులు వన్‌టౌన్‌లో చాలామంది ఉన్నారు, పిలిస్తే ఆనందంగా వచ్చి వివరిస్తారు. అది కుదరకపోతే రాస్ హిల్ కిందా పైనా ఈ రేవు ఎలా కట్టారో తెలుగులో ఒక బోర్డు పెట్టండి, కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు. వన్‌టౌన్‌లో చూడాల్సినవాటికి దారి చూపించే బోర్డులు వేయండి. రైల్వే స్టేషన్‌లో దిగగానే కనపడేలా తెలుగులో ఒక కాగితం ఇవ్వండి, ఏది ఏ రోజు మూస్తారు, ఏ బస్సు ఎక్కడికి, ఏ బీచ్‌లో దిగకూడదు, వేట నిషేధం ఎప్పుడు, ఇవి ఒక్క పేజీలో పడతాయి.

మీకు కూడా ఒక విన్నపం అండి. వచ్చే సంక్రాంతి సెలవుల పేజీ వేసేటప్పుడు వైజాగ్‌కి రెండు రోజులు అని హెడ్డింగ్ పెట్టకండి, వారం అని పెట్టండి. అంత సెలవు దొరకనివాళ్లు ఉంటారు, నిజమే, వాళ్లకి మూడు రోజులే ఉంటే అరకు వదిలేసి వన్‌టౌన్, బీచ్, భీమిలి చూసి వెళ్లమని రాయండి, అరకు ఇంకో చలికాలం విడిగా రావచ్చు. మీ ఫొటోగ్రాఫర్ గారిని ఒక రోజు పొద్దున్నే రాస్ హిల్ మీదికి పంపండి, ఓడ లోపలికొచ్చే ఫొటో ఒకటి దొరికితే ఈసారి సబ్‌మెరైన్ బదులు అదే పెద్దగా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బురుజుపేట, విశాఖపట్నం